కొట్టివేతలు లేని కేసు షీటు

మొన్న నలుగురు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు నన్ను చూడటానికి కరీంనగర్‌లో మా ఇంటికి వచ్చారు. అందరూ మానసిక వైద్యంలో శిక్షణ పూర్తి చేసి కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్లు, అందరూ మా క్యాథలిక్ మేత్రాసనంలో, అంటే మా బిషప్ గారి పరిధిలో, ఉన్న చర్చిల పిల్లలే. టీ తాగుతూ ఒకమ్మాయి టీవీ పక్కనున్న షీల్డును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మేడమ్, గిది రావాలంటే ఏం చెయ్యాలె?"

"ఒక తప్పు చెయ్యాలె బిడ్డా. చేసి, దాన్ని మంచి దస్తూరితోని మూడుసార్లు రాయాలె" అన్నాను.

అందరూ నవ్వారు. ముసలామె పరాచకాలాడుతోందనుకున్నారు. నేను నిజమే చెప్పాను. అది వివరంగా చెప్పే ఓపిక ఆ పూట లేకపోయింది. పైగా ఎదురుగా కూర్చుని చెప్పడానికి మొహం చెల్లలేదు. అందుకే రాస్తున్నాను.

నేను ముప్ఫై ఒక్క ఏళ్లు మానసిక వైద్య నర్సుగా పనిచేశాను. అందులో చివరి పద్నాలుగేళ్లు లక్సెట్టిపేట దారిలో కన్యాస్త్రీలు నడిపే ఒక చిన్న ఆస్పత్రిలో. ఇరవై మంచాలు, ఒక పొడుగాటి వరండా, గేటు దగ్గర మరియమాత స్వరూపం. మా దగ్గరికి వచ్చేవాళ్లలో మా మతంవాళ్లు నూటికి నలుగురైదుగురుంటే గొప్ప. బొగ్గుగనుల కాలనీల నుంచి, మరమగ్గాల ఊళ్ల నుంచి, గోదావరి ఒడ్డు పల్లెల నుంచి జనం వచ్చేవారు. చాలామంది అంతకుముందే ఇద్దరు ముగ్గురు భూతవైద్యుల దగ్గర తిరిగి, విసిగి వచ్చేవారు.

ఆస్పత్రిని నడిపే ఆమెను మదర్ అనేవాళ్లం. కేరళ ఆమె. తెలుగు పుస్తకాల్లో నేర్చుకుంది కాబట్టి మా అందరికంటే శుద్ధంగా మాట్లాడేది. డాక్టరు గారు కరీంనగర్ నుంచి మంగళవారం, శుక్రవారం వచ్చేవారు. మిగతా రోజుల్లో వార్డులో ఏం జరిగిందో ఆయనకు తెలిసే దారి ఒకటే, నేను రాసే కేసు షీటు. ఇక ఆయమ్మ. ఊడవడం, కడగడం, తినని వాళ్లకు తినిపించడం, పారిపోయే వాళ్లను పట్టుకురావడం ఆమె పని. బడి మొహం ఎరగదు. మందమర్రి నుంచి రోజూ బస్సులో వచ్చేది. గనుల కాలనీలో ఉంటుంది కాబట్టి ఆమె భర్త గనిలో పనిచేసి ఉంటాడని నేను అనుకునేదాన్ని.

నా గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి. నాకు కోపం ముక్కు మీద ఉండేది, గర్వం చేతిరాతలో ఉండేది. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని డాక్టరు గారు ఒకసారి నలుగురిలో మెచ్చుకున్నారు. అంతే, అప్పటి నుంచి నా కేసు షీట్లలో ఒక్క కొట్టివేత కూడా ఉండకూడదని పట్టుబట్టాను. ఇన్నేళ్లలో లేదు. కొత్తగా వచ్చిన నర్సులకు అవి చూపించి, "ఇట్ల రాయాలె" అనేదాన్ని. కొట్టివేత లేదంటే తప్పు లేదని నేను నిజంగానే నమ్మాను.

ఆ మనిషిని ఒక వేసవిలో ఆయన భార్య తీసుకొచ్చింది. నలభై రెండేళ్లుంటాయి. భూగర్భ గనిలో పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని. అక్కడివాళ్లు గనిని బాయి అంటారు, పైకప్పును కప్పు అంటారు. కప్పు నుంచి ఒక బండ ఊడి పక్కనే ఉన్న తోటి పనివాడు చనిపోయాడట. ఈయనకు గీత కూడా పడలేదు. పదిహేనేళ్లు కలిసి పనిచేసిన స్నేహితుడు.

"ఇరవై రోజులైంది సిస్టర్, కన్ను మూస్తలేడు" అంది భార్య. "గోడెనక దోస్తు పిలుస్తుండంటడు. నిన్న చెప్పకుంట పోయి గోదారి ఒడ్డున కూసున్నడు. నా పానం నా తాన లేదు."

మందులు బాగానే పనిచేశాయి. పది రోజులకు నిద్ర పట్టింది, ఇంకో రెండు వారాలకు గొంతు వినిపించడం లేదన్నాడు. ఆ మాటా రాశాను. ఆ తర్వాతే అసలు కథ మొదలైంది.

ఒక పొద్దున వార్డులోకి వెళ్లేసరికి ఆయన బూజు కర్ర తిరగేసి పట్టుకుని, దాని మొనతో కప్పును టక్ టక్ మని కొడుతున్నాడు. కొట్టి, తల ఓరగా పెట్టి వింటున్నాడు. రెండడుగులు జరిగి మళ్లీ కొడుతున్నాడు. నేను కర్ర లాక్కున్నాను. మర్నాడు స్టీలు గ్లాసుతో గోడను కొట్టడం మొదలుపెట్టాడు. నాకేం తోచి ఉంటుందో మీరే చెప్పండి. గోడ వెనక నుంచి చచ్చిపోయిన స్నేహితుడు పిలుస్తున్నాడన్న మనిషి, గోడ కొట్టి చెవి ఒగ్గి వింటున్నాడు. మీరైనా అదే రాసేవారు. నేనూ రాశాను: గోడను, కప్పును కొట్టి వింటున్నాడు, గొంతులు మళ్లీ వినిపిస్తున్నట్టుంది. డాక్టరు గారు చదివారు, మందు పెంచారు. ఆయన కొట్టడం ఆపలేదు. మళ్లీ రాశాను. మళ్లీ పెంచారు. మూడోసారీ రాశాను.

అప్పటికి ఆయన చేతులు వణకడం మొదలైంది. గ్లాసు నోటి దాకా పోయేసరికి సగం నీళ్లు చొక్కా మీదే. నడకలో కాళ్లు ఈడ్చేవాడు. ఆయన్ను చూడటానికి వచ్చిన భార్య వరండా స్తంభం పట్టుకుని చాలాసేపు నిలబడింది. నన్ను ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు బాగుందనిపించింది, సమాధానం చెప్పే బాధ తప్పింది కదా.

ఒకరోజు ఆయమ్మ నేల తుడుస్తూ నా టేబుల్ దగ్గర ఆగింది.

"సిస్టరమ్మా, గాయిన గోడతోని ముచ్చట పెడ్తలేడు. కప్పు గట్టిగున్నదా ఊడుతదా అని సూస్తుండు. బాయిల పనికి దిగంగనే ముందుగాల గట్లనే సూస్తరట. గట్టిగుంటే టంగుమంటదట, ఊడెటట్టుంటే బోలుగ మోగుతదట."

"నువ్వెప్పుడు డాక్టరువైనవ్?" అన్నాను.

"నేనేడ డాక్టర్ను? మందు జర తగ్గియ్యుమని సారుకు చెప్పరాదు?"

"నీ పని నువ్వు చూస్కో. నా పని నేను చూస్కుంట."

ఆయమ్మ బకెట్ తీసుకుని వెళ్లిపోయింది. బాయి మనిషి పెళ్లాం కదా, ఈమెకు అంతా బాయిలాగే కనిపిస్తుందని మనసులో అనుకున్నాను. కానీ ఆ మధ్యాహ్నం నుంచి ఆమె ఒక పని చేసింది. వరండా తూర్పు మూల భోజనాల చాపలన్నీ ఎత్తి పడమటి వైపు వేసింది. ఎందుకని అడిగితే, "గా మూలకు బోలుగ మోగుతుందంటుండు" అంది. మూల ఖాళీగా ఉంటే ఊడ్చుకోవడం సుళువని నేనూ ఊరుకున్నాను.

వానలు మొదలయ్యాయి. నాలుగు రోజులు ఎడతెగని ముసురు. ఐదో రోజు మధ్యాహ్నం అందరూ అన్నాలు తింటుండగా తూర్పు మూల కప్పు నుంచి మంచమంత పెచ్చు ఊడి కింద పడింది. సిమెంటు, ఇసుక, తుప్పు పట్టిన చువ్వల ముక్కలు. పదిహేను రోజుల కిందటి దాకా సరిగ్గా ఆ చోట ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని తినేవాళ్లు. వాళ్లిప్పుడు ఇటు వైపు చాప మీద ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే చూస్తున్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆయన మాత్రం వణికే చేత్తో కంచం పక్కన పెట్టి, లేచి ఆ మూల దాకా కాళ్లీడ్చుకుంటూ వెళ్లి, పైకి చూసి, తిరిగి వచ్చి అన్నం తిన్నాడు.

నేనే చీపురు తెచ్చి ఆ పెచ్చులు ఊడ్చాను. సిగ్గుతోనో భయంతోనో అప్పుడు తెలియలేదు. ఇప్పుడైతే తెలుసు.

శుక్రవారం డాక్టరు గారు వచ్చి ఊడిన కప్పును చూశారు, ఆయన్ను చూశారు, నా కేసు షీటు తెరిచి మూడు నమోదులూ మళ్లీ చదివారు. "మీరు రాసిన దాన్ని బట్టే నేను మందు పెంచాను కదమ్మా" అన్నారు. మందు తగ్గించారు. రెండు వారాల్లో ఆయన చేతుల వణుకు తగ్గింది, నెలన్నరకు ఇంటికి వెళ్లిపోయాడు. డిశ్చార్జి కాగితం మీద "బాగున్నాడు" అని నేనే రాశాను. వెనక పేజీల్లోని మూడు నమోదులను మాత్రం ముట్టుకోలేదు. కొట్టివేయాలంటే చెయ్యి రాలేదు.

అయితే మనస్సాక్షి ఊరుకోదు కదా. ఆ శనివారం పాపసంకీర్తనానికి వెళ్లాను. మా వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ మిగతా వాళ్ల కోసం చెబుతున్నాను, తెర వెనక కూర్చున్న గురువుకు మా పాపాలు చెప్పుకుని క్షమాపణ పొందుతాం. ఒక రోగి విషయంలో అహంకారంతో తప్పు రాశాననీ, సరిగ్గా చెప్పిన మనిషిని కసురుకున్నాననీ చెప్పాను.

ఫాదర్ అంతా విని, "దేవుడు క్షమించాడమ్మా. మరి కేసు షీటు సంగతేంటి?" అన్నారు.

"అది దేవుడు చదవడు కదా ఫాదర్."

తెర వెనక నుంచి ఒక నిట్టూర్పు వినిపించింది. ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమన్నారు. గుడి నుంచి బస్టాండుకు నడిచే దారిలోనే అవి ముగించేశాను. మనసు దూదిపింజెలా తేలికైంది. మా క్యాథలిక్ నర్సులు మాత్రమే చేయగల తప్పు ఇది. దేవుడి దగ్గర లెక్క తేల్చుకున్నాం కాబట్టి మనుషుల దగ్గర తేలిపోయినట్టే అనుకుంటాం. పాపం పోతుంది, ఫైలు మిగులుతుంది.

ఏడాది గడిచింది. మా మేత్రాసనాల్లో మానసిక ఆరోగ్య సేవలు చేసేవాళ్లందరికీ ఒక సంఘం ఉంది. ప్రతి సంవత్సరం ఒకరిని ఎంపిక చేసి సన్మానిస్తారు. ఆ ఏడు నా పేరు పంపుతానని మదర్ అంది. నీ అనుభవంలోంచి ఒక మంచి కేసు గురించి రెండు పేజీలు రాసివ్వమంది. నేను ఏ కేసు రాశానో ఊహించే ఉంటారు. గోడ కొట్టడం రోగ లక్షణం కాదు, అది పని నేర్పిన అలవాటు అన్నది ఎవరు విన్నా మెచ్చుకునే సంగతి. తప్పు నమోదుల ఊసెత్తలేదు. ఆయమ్మ ఊసూ ఎత్తలేదు. "నిశిత పరిశీలన ద్వారా గ్రహించడం జరిగింది" అని రాశాను. ఎవరు గ్రహించారో చెప్పకుండా తప్పించుకోవాలంటే మన ఆఫీసు తెలుగు అంత ఆదుకునేది ఇంకోటి లేదు. సొమ్ము ఒకడిది సోకు ఒకడిది అంటారే, అదే పని.

ఎంపికయ్యాను. కరీంనగర్‌లో సభ, పీఠాధిపతి, అంటే మా బిషప్ గారు, వస్తారు, ఫలానా శనివారం ఉదయం పది గంటలకు అని ఉత్తరం వచ్చింది.

అదే వారం ఆ గని మనిషి భార్యతో కలిసి ఆస్పత్రికి వచ్చాడు. చాలాకాలంగా సెలవులో ఉన్నాడు కాబట్టి తిరిగి పనిలోకి తీసుకునే ముందు కంపెనీ మెడికల్ బోర్డు పరీక్ష చేస్తుంది. మా కేసు షీటు నకలు అడిగారట, మదర్ పంపేసింది. బోర్డు ఫిట్ అంటే పని ఉంటుంది. అన్‌ఫిట్ అంటే అంతటితో సరి. ఆ బోర్డు కూర్చునేదీ ఆ శనివారమే.

"పని లేకపోతే నేను ఇంట్ల గదే గోడ సూస్కుంట కూసోవాలె సిస్టర్" అన్నాడు. "నాకు పని గావాలె. మీరు జర రారాదు?"

మదర్ పక్కనే ఉంది. "ఆమె ఆ దినమున సన్మానమునకు వెళ్లవలెను. పీఠాధిపతుల వారు వచ్చుచున్నారు. నేను ఉత్తరము ఇచ్చెదను, ఆయమ్మ మీ వెంట వచ్చును" అంది.

నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఆ నకలులో ఏముందో నాకు తెలుసు, ఆ డాక్టర్ల ముందు కూర్చోవడం నాకిష్టం లేదు. వాళ్లు వెళ్లాక ఆయమ్మ నా దగ్గరికి వచ్చింది.

"సిస్టరమ్మా, అప్పుడు గా బుక్కుల రాసినయి కొట్టేసినవా?"

"సారుకు అంతా తెల్సు తీయ్" అన్నాను. ఏ సారుకు తెలుసో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

శనివారం కొత్త పట్టుచీర కట్టుకుని కరీంనగర్ వెళ్లాను. సభ నిండుగా ఉంది. కన్యాస్త్రీలు, గురువులు, నర్సులు, కౌన్సెలర్లు. ఇంతమందిమి ఈ పనిలో ఉన్నామా అని ముచ్చటేసింది. పిచ్చోళ్ల నర్సు అని సొంత చుట్టాలే వెక్కిరించిన రోజులు చూసినదాన్ని. ఆ చప్పట్లు నాకు నిజంగా బాగున్నాయి. ఆ ఆనందాన్ని ఇప్పుడు దాచి లాభం లేదు. శాలువా కప్పారు, దండ వేశారు, షీల్డు చేతికిచ్చారు. ఒక ఫాదర్ మైకులో నా గురించి చదివారు. "గోడను కొట్టి వినే రోగిలో రోగాన్ని కాక, కార్మికుడి నైపుణ్యాన్ని చూసిన ఏకైక వ్యక్తి ఈ సోదరి" అన్నారు.

ఏకైక వ్యక్తి. ఆ మాటకు నా మెడ మీద దండ బరువెక్కింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను చుట్టూ చూశాను. ఎవరూ నన్ను అనుమానంగా చూడటం లేదు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. అప్పుడే నా హ్యాండ్‌బ్యాగులో ఫోను వణికింది. రెండుసార్లు వదిలేశాను. మూడోసారి వేదిక దిగి పక్కకు వెళ్లి ఎత్తాను. ఆ గని మనిషి భార్య నంబరు, మాట్లాడింది ఆయమ్మ.

"సిస్టరమ్మా, బోర్డు పెద్దసారు అడుగుతుండు, గీ రాసినామె ఏదని. మూడు పారీలు గొంతులు ఇంటుండని రాసి, మల్ల బాగున్నడని ఎట్ల రాసిందని. మదర్ ఉత్తరం సూసి పక్కన పెట్టిండు. నేను చెప్తె, నువ్వు ఆయావు నీకేం తెల్సన్నడు. మూడింటిదాంక కూసుంటరట. గాయిన చెట్టు కింద కూసున్నడు, ఉలుకు లేదు పలుకు లేదు."

నీకేం తెలుసు అన్నాడట. అదే మాట నేనూ అన్నాను, ఏడాది కిందట, అంతకంటే మొరటుగా.

అప్పుడు పదకొండున్నర. సభ ఏర్పాట్లు చూస్తున్న ఫాదర్ దగ్గరికి వెళ్లి కారు కావాలన్నాను. ఎక్కడికన్నారు, చెప్పాను. "ఇంకో అరగంటలో పీఠాధిపతుల వారితో భోజనం కదమ్మా" అన్నారు.

"ఫాదర్, మీరు చదివిన కాగితం అబద్ధం. రాసింది నేనే. ఆ ఏకైక వ్యక్తి ఇంకో ఆమె. అక్కడ ఆమె మాట ఎవరూ వినడం లేదు."

ఆయన నా మొహం ఒక్క క్షణం చూసి, డ్రైవరును పిలిచి తాళం చెవులు ఇచ్చారు. ఏమీ అడగని ఆ మంచితనం నేను మర్చిపోలేదు. షీల్డు కుర్చీలోనే వదిలేశాను.

గోదావరి దాటే దాకా డ్రైవరు నా వైపు అద్దంలో చూస్తూనే ఉన్నాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. కంపెనీ ఆస్పత్రి మెట్లెక్కి బోర్డు గదిలోకి అడుగుపెట్టాక గానీ తెలియలేదు, మెడలో బంతిపూల దండ, భుజాల మీద జరీ శాలువా అలాగే ఉన్నాయని. లోపల ముగ్గురు డాక్టర్లు. మధ్యలో కూర్చున్న తెల్లజుట్టు ఆయన కళ్లద్దాలు కిందికి దించుకుని చూశారు.

"ఎవరమ్మా మీరు? ఇక్కడ పెళ్లేమీ లేదే?"

దండ తీసి చేతిలో పట్టుకున్నాను. "ఆ కేసు షీటు రాసిన నర్సును సార్."

ఆయన మొహంలో నవ్వు పోయింది. ఫైలు నా వైపు తిప్పారు. నా ముత్యాల్లాంటి అక్షరాలు. "మూడు చోట్ల గొంతులు వింటున్నాడని ఉంది. డిశ్చార్జి నాటికి బాగున్నాడని ఉంది. మళ్లీ మొదలైన గొంతులు ఎప్పుడు ఆగాయో ఎక్కడా లేదు. ఈ మనిషిని నేను కిందికి ఎలా పంపను? ఇతని ప్రాణం ఒక్కటే కాదు కదా, పక్కవాళ్ల ప్రాణాలూ ఉంటాయి."

"ఆ మూడూ రాసే నాటికే గొంతులు ఆగిపోయాయి సార్. నేను రాసింది తప్పు. ఆయన కప్పు పరీక్ష చేస్తున్నాడు. నేను రోగమనుకున్నాను. ఆ తప్పు రాతతో మందు రెండుసార్లు పెరిగింది. ఆయన చేతులు వణికింది రోగంతో కాదు, నా రాతతో."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు దిద్దలేదు?"

"కొట్టివేత ఉంటే బాగుండదని సార్."

ఇంత చిన్న కారణం పైకి చెప్పాక ఎంత చిన్నగా వినిపించిందో చెప్పలేను. ఆయన నా చేతిలోని దండను చూశారు. "పొద్దున మీకు సన్మానం దేనికి జరిగిందమ్మా?"

"దీనికే సార్."

చివర కూర్చున్న కుర్ర డాక్టరు నవ్వాపుకోలేక దగ్గాడు. పెద్దాయన నవ్వలేదు. పెన్ను తీసి నా ముందు పెట్టారు. మూడు నమోదుల మీద మూడు గీతలు గీశాను. చెయ్యి అలవాటు లేక మొదటి గీత వంకర పోయింది. పక్కన, ఇది రోగ లక్షణం కాదు, వృత్తి అలవాటు, నమోదు చేసిన నర్సు పొరపాటు అని రాసి సంతకం పెట్టాను.

"ఇది మొదట కనిపెట్టింది ఎవరు?"

తలుపు దగ్గర నిలబడ్డ ఆయమ్మను చూపించాను. "ఆమె సార్. వాళ్లాయన బాయిల పనిచేసిండు. అందుకే ఆమెకు తెల్సు."

పెద్దాయన ఆమె వైపు తిరిగారు. "ఏ బాయి అమ్మా మీ ఆయనది?"

ఆయమ్మ బిత్తరపోయింది. "మా ఇంటాయన బాయిల చెయ్యలే సారు. జమ్మికుంట యార్డుల పత్తి బస్తాలు మోసిండు. పోయి పదేండ్లైతుంది. నేను మందమర్రిల మా అక్క తాన ఉంటున్న."

"మరి కప్పు సంగతి నీకెట్ల తెల్సు?"

"నాకేం తెల్సు సారు? గాయిన్నే అడిగిన. ఎందుకు కొడుతున్నవ్ బిడ్డా అన్న. చెప్పిండు."

పదకొండేళ్లు ఆమెతో ఒకే వార్డులో పనిచేశాను. ఆమె భర్త ఎవరో, ఉన్నాడో లేడో కూడా నాకు తెలియదు. ఆ మనిషి నా వార్డులో ఉన్నన్నాళ్లూ రోజుకు మూడు పూటలా ఆయన గురించి రాశాను. నిద్ర పట్టిందా, మాత్ర మింగావా, గొంతులు వినిపిస్తున్నాయా అని అడిగాను. అవన్నీ ఫారంలో ఉన్న ప్రశ్నలు. ఎందుకు కొడుతున్నావని అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అడగకుండానే అన్నీ తెలిసినదాన్నయ్యాను. నా కంట్లో నీళ్లు తిరిగాయి. శాలువా కొంగుతోనే తుడుచుకున్నాను, ఇంకేం చేస్తాను.

పెద్దాయన ఆయన్ను లోపలికి పిలిపించారు. చేతులు చాపమన్నారు, వణకలేదు. రాత్రి నిద్ర గురించి, మాత్రల గురించి అడిగారు. గొంతులు లేవన్నాడు.

"భయం పోయిందా?"

పోయింది సార్ అనరాదూ అని లోలోపల మొక్కుకున్నాను.

"పోలే సారు" అన్నాడాయన. "ఉన్నది. భయం లేనోడు కప్పు జూడడు. కప్పు జూడనోని పక్కన నేను నిలవడ."

పెద్దాయన తల వంచి రాశారు. ఆరు నెలలు గని పైన పని, నెలనెలా పరీక్ష, అన్నీ సవ్యంగా ఉంటే ఆ తర్వాత భూగర్భంలో. ఫిట్. ఆయన ఆ కాగితాన్ని రెండు చేతులతో తీసుకుని బయటికి వెళ్లి భార్య చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని తలకిందులుగా పట్టుకుని కూడా ఏడ్చింది.

సంఘానికి మరుసటి వారం ఉన్నదున్నట్టు ఉత్తరం రాశాను, కొట్టివేతలతో సహా. షీల్డు వెనక్కి తీసుకోమన్నాను. వాళ్లు తీసుకోలేదు, మనిషితో ఇంటికి పంపారు. తప్పు ఒప్పుకున్నందుకూ ఒక సన్మానం ఉండాలి, అది దీంట్లోనే కలిసిందనుకోమన్నారు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే అన్న నియమం మీద ఏడాదంతా తర్జనభర్జన పడి, ఆపై సంవత్సరం ఆయమ్మకు శాలువా కప్పారు. వేదిక మీద ఆమె పెనం మీద కూర్చున్నట్టు కూర్చుంది. మాట్లాడమంటే, "అందరికీ దండాలు. నాకు బస్సుకు టైమైతుంది" అని దిగిపోయింది. అంత మంచి ప్రసంగం ఆ సభలో నేను మళ్లీ వినలేదు.

ఆరు నెలలు గడిచి ఆయన మళ్లీ గనిలోకి దిగే నాటికి నేను పదవీ విరమణ చేసి ఇరవై రోజులైంది. పొద్దుటి షిఫ్టు అని ముందురోజే ఆయమ్మ ఫోను చేసి చెప్పింది. ఆ పొద్దున పూజకు వెళ్లాను, ఇంటికి వచ్చాను, ఏ పనీ తోచలేదు. ఫోను చేయాలనిపించి మానుకున్నాను. మధ్యాహ్నం మూడున్నరకు ఆయన భార్యే చేసింది.

"పైకొచ్చిండు సిస్టర్. తానం చేసిండు. బువ్వ తింటుండు."

ఎలా ఉన్నాడు, మాత్ర వేసుకున్నాడా అని అడగబోయి ఆగాను.

"ఏం కూర వండినవ్?" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "చింతచిగురు పప్పు సిస్టర్. రెండోపారి పెట్టిచ్చుకుంటుండు."